సార్ అంటే గౌరవమే, కానీ ఆ కాగితం మీద సంతకం ఎలా పెట్టను?

సంక్రాంతి సెలవుల తర్వాత ఉత్తరాంధ్ర నుంచి ఒక తమ్ముడి ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు, రెండు వైపులా రాశారు. పేరు, ఊరు, కాలేజీ ఏవీ బయటపెట్టొద్దన్నారు. ఆయన చెప్పింది ఇదీ.

వయసు 32. డిప్లొమా చదివారు. ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో ఏడేళ్లుగా కాంట్రాక్టు టెక్నీషియన్. కరిగిన స్లాగ్ (ఇనుప చిట్టెం), కరిగిన గాజు ఎంత చిక్కగా ఉన్నాయో కొలిచే విస్కోమీటర్ ఆయన చేతి మీదే నడుస్తుంది. ఊళ్లో ఖాళీగా ఉన్న రోజుల్లో పిలిచి ఈ ఉద్యోగం ఇచ్చింది, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది ల్యాబు ఇన్‌చార్జి సారే. "మా నాన్న తర్వాత ఆయనే" అని రాశారు.

అక్టోబరులో ఒక ఉక్కు ప్లాంటు నుంచి బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము తీసే పెద్ద కొలిమి) స్లాగ్ పరీక్షకు వచ్చింది. 1500 డిగ్రీల దగ్గర విస్కాసిటీ, అంటే చిక్కదనం, 0.38 పాస్కల్ సెకండ్లు అని రిపోర్టు పంపారు. ప్లాంటువాళ్లు అదే శాంపిల్‌ని ఇంకో ల్యాబులో కొలిపిస్తే 0.50 వచ్చింది. ఈ తేడా ఏమిటో చెప్పమని లెటర్ రాశారు. సార్ ఒక కాగితం టైప్ చేయించి ఈయన ముందు పెట్టారు: "ఆపరేటర్ అజాగ్రత్త వల్ల ఈ ఒక్క శాంపిల్‌లో పొరపాటు జరిగింది." కింద ఈయన పేరు, సంతకానికి చోటు. మార్చిలో కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. "నేను చూసుకుంటాలే" అన్నారట సార్. భార్య పెట్టేయమంటోంది, పాప స్కూలు ఫీజు కట్టాలి. నాన్న మాత్రం, చెయ్యని తప్పు నెత్తిన వేసుకోకురా అంటున్నారు. ఆయనకి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఉత్తరంలో ఇంకొన్ని సంగతులున్నాయి. స్లాగ్‌లో ముంచి తిప్పే మాలిబ్డినం లోహపు కడ్డీ, అంటే బాబ్, కొత్తలో 14 మిల్లీమీటర్ల లావు. జూన్‌లో కొలిస్తే 13.4 వచ్చింది. సార్‌కి చెబితే "తర్వాత చూద్దాం" అన్నారు. లెక్కకి వాడే కాన్‌స్టంట్ మాత్రం మూడేళ్ల క్రితం, చిక్కదనం ముందే తెలిసిన సిలికాన్ ఆయిల్‌తో తీసింది, గోడకి అంటించి ఉంది. ఫర్నేస్ ట్యూబు పై అంచున తెల్లగా, పసుపుగా ఏదో పొడి పేరుకుంటోంది. దసరా నుంచి గాజు శాంపిల్స్ కూడా పాత వాటి కంటే ఓ 15 శాతం పలచగా వస్తున్నాయి. చివర్లో ఒక ఒప్పుకోలు కూడా ఉంది. ఆ అక్టోబరు రాత్రి ఆఖరి బస్సు పోతుందన్న కంగారులో, 1450 డిగ్రీల దగ్గర అరగంట ఆగాల్సింది పది నిమిషాలకే రీడింగ్ తీసేశారు.

"అక్కా, తప్పు నాదా, సార్‌దా, మిషన్‌దా?" అని అడిగారు.

తమ్ముడూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, పెన్సిల్ తీసుకుని లెక్క వేశాను. బాధతో రాసిన పేజీల మధ్యలో మీరు అలవాటుగా రాసేసిన కొలతలు ఉన్నాయి చూడండి, అవే నాకు ఎక్కువ సంగతులు చెప్పాయి. నేను 26 ఏళ్లు గాజు పరీక్షించే ల్యాబులో పనిచేశాను. అందుకే ముందు మిషన్ సంగతి మాట్లాడతాను, తర్వాతే సార్ సంగతి. మిషన్ విషయం తేలకుండా తప్పెవరిదో మాట్లాడుకుంటే మనసులు విరగడమే తప్ప ఏమీ తేలదు.

ఈ పని తెలియని పాఠకుల కోసం ఒక మాట. కమ్మరి కొలిమి దగ్గర ఇనుప చిట్టెం అంటామే, అదే ఉక్కు కర్మాగారంలో టన్నుల లెక్కన వచ్చేటప్పుడు స్లాగ్. అది 1500 డిగ్రీల దగ్గర, మన ఇంట్లో వేసవిలో ఆముదం ఎలా జారుతుందో దాదాపు అలా జారుతుంది. గిన్నెలో ఆముదం పోసి పుల్లతో తిప్పితే చేతికి ఒక బరువు తగులుతుంది. విస్కోమీటర్ చేసేదీ అదే. క్రూసిబుల్ అనే వేడికి తట్టుకునే గిన్నెలో స్లాగ్ కరిగించి, అందులో బాబ్ ముంచి ఒకే వేగంతో తిప్పుతారు. దానికి తగిలే బరువుని ఒక కాన్‌స్టంట్‌తో గుణిస్తే విస్కాసిటీ వస్తుంది. ఆ కాన్‌స్టంట్‌లో బాబ్ ఎంత లావు, ఎంత లోతు మునిగింది, క్రూసిబుల్ ఎంత వెడల్పు అన్నవన్నీ కలిసి ఉంటాయి. బాబ్ అరిగితే కాన్‌స్టంట్ మారాలి. మీ గోడ మీది అంకె మారలేదు.

మీ క్రూసిబుల్ లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లని రాశారు. 14 మిల్లీమీటర్ల బాబ్ 13.4 అయితే, అదే స్లాగ్‌లో దానికి తగిలే బరువు సుమారు 9 శాతం తగ్గుతుంది. పాత కాన్‌స్టంట్‌తో గుణిస్తే జవాబు కూడా 9 శాతం తక్కువే వస్తుంది. 0.6 మిల్లీమీటర్లు అంటే గోరు మందం కంటే కాస్త ఎక్కువ. కంటికి ఆనదు. మీరు వెర్నియర్ పెట్టి చూశారు కాబట్టే తెలిసింది.

ఆ తెల్లటి, పసుపు పొడి ఏమిటో మీరు అడగలేదు. అయినా చెబుతాను. ఎర్రగా కాలిన మాలిబ్డినంకి గాలి తగిలితే దాని ఆక్సైడ్ ఆవిరిలా లేచిపోతుంది, చల్లగా ఉన్న చోటికి వెళ్లి పేరుకుంటుంది. మీ ట్యూబు అంచున ఉన్నది అదే అయ్యే అవకాశం ఎక్కువ. అంటే గాలి తగలకుండా పంపే ఆర్గాన్ వాయువు నడుస్తున్నా ఎక్కడో గాలి చొరబడుతోంది. మూత దగ్గర గాలి చొరబడకుండా ఉంచే రబ్బరు ఓ-రింగు గట్టిపడి ఉండొచ్చు, సిలిండర్ అడుగంటాక కూడా వాడి ఉండొచ్చు. దానికి తోడు ఒక్కో రన్ (ఒక్కసారి వేడిచేసి కొలవడం) అయ్యాక బాబ్‌కి అంటుకున్న స్లాగ్‌ని ఎమరీ పేపరుతో గీకుతామని మీరే రాశారు. మీరు రాసిన 60 రన్‌లలో ఆ గీకుడు ఎంత లోహాన్ని తినేసి ఉంటుందో ఆలోచించండి.

కానీ 9 శాతం సరిపోదు. 0.50కీ 0.38కీ మధ్య 24 శాతం ఉంది. మిగతాది ఎక్కడ?

మీ గాజు శాంపిల్స్ దగ్గర ఆగిపోయాను. గాజుకి మీరు వాడేది ప్లాటినం బాబ్, అదీ మామూలు గాలిలో. దాన్ని ఎవరూ ఎమరీతో గీకరు, అది అరగదు. అయినా గాజు కూడా పలచగా వస్తోందంటే, స్లాగ్ రన్‌కీ గాజు రన్‌కీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? ఫర్నేస్. దానిలో వేడిని కొలిచే తీగ, థర్మోకపుల్. అది రెండేళ్లకు పైగా మార్చలేదని మూడో పేజీలో ఒక వాక్యం రాశారు. ప్లాటినం-రోడియం తీగ ఏళ్ల తరబడి అంత వేడిలో ఉంటే, సిలికా లాంటివి దానిలోకి చేరితే, అది అసలు వేడి కంటే తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. కంట్రోలర్ దాన్ని నమ్మి ఇంకాస్త కరెంటు పంపుతుంది. డిస్‌ప్లేలో 1500 ఉంటుంది, లోపల స్లాగ్ 1520 దాటి ఉంటుంది. వేడి ఎక్కువైతే చిక్కదనం తగ్గుతుంది. సీసాలకి, కిటికీలకి వాడే సోడా-లైమ్ గాజుకి 1200 డిగ్రీల దగ్గర 10 డిగ్రీల తేడాకే సుమారు 11 శాతం మారిపోతుంది. మీ గాజు 15 శాతం తగ్గడానికి 15 డిగ్రీల లోపు తేడా చాలు. సార్ "బ్యాచ్ వేరేది అయ్యుంటుంది" అన్నారట. అయ్యుండొచ్చు. కానీ ఏ బ్యాచ్ పెట్టినా ఒకే వైపు తగ్గుతోందంటే నేనైతే థర్మోకపుల్‌నే అనుమానిస్తాను.

స్లాగ్‌కి 1500 దగ్గర 10 డిగ్రీలకి సుమారు 7 శాతం లెక్క వేసుకోవచ్చు. 25 డిగ్రీలు ఎక్కువ ఉంటే 17 శాతం పోతుంది. ఇప్పుడు 0.50లోంచి బాబ్ వాటా 9 శాతం తీసేయండి, 0.455. దాంట్లోంచి 17 శాతం తీసేయండి. 0.38.

ఈ లెక్క ఇంత చక్కగా కుదిరిందని నేను మురిసిపోవడం లేదు, మీరూ మురిసిపోకండి. 25 డిగ్రీలన్నది నా ఊహ. జూన్‌లో 13.4 ఉన్న బాబ్ అక్టోబరుకి ఇంకా సన్నబడి ఉండొచ్చు. అవతలి ల్యాబు 0.50 కూడా దేవుడు చెప్పిన మాటేమీ కాదు. ఇంత వేడిలో కొలిచే పనిలో ఒకే స్లాగ్‌కి రెండు మంచి ల్యాబుల మధ్యే పావు వంతు తేడా రావడం కొత్తేమీ కాదు. కానీ రెండు కారణాలూ ఒకే వైపు తోస్తున్నాయి, మీ అంకె కూడా ఆ వైపే ఉంది. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) క్రూసిబుల్ కరిగి స్లాగ్‌లో కలిసిందనుకుంటే ఇలాంటి స్లాగ్ మామూలుగా ఇంకా చిక్కబడాలి. మీకు జరిగింది దానికి ఎదురు. మీ క్రూసిబుల్ మాలిబ్డినందే కాబట్టి ఆ అనుమానం ఎలాగూ లేదు.

ఇక మీ పది నిమిషాలు. అది మీ పొరపాటే, కాదనను. 1500 నుంచి 1450కి దిగుతున్నప్పుడు డిస్‌ప్లే ముందే దిగుతుంది, క్రూసిబుల్ మధ్యలో స్లాగ్ ఇంకా వేడిగానే ఉంటుంది. కాబట్టి ఆ 1450 రీడింగ్ కొంచెం పలచగా వచ్చి ఉంటుంది. కానీ ప్లాంటు అడిగింది 1500 సంగతి, అక్కడ మీరు పూర్తిగా అరగంట ఆగారు. మీ తప్పు ఆ ఒక్క రీడింగ్‌దే. అంతకు ఒక్క ముక్క ఎక్కువ మోయకండి, ఒక్క ముక్క తక్కువా చెప్పకండి. ఉత్తరం మొత్తంలో ఈ పది నిమిషాల గురించి మీరు మూడు చోట్ల రాశారు. మీ బెంగంతా అక్కడే ఉందని నాకు అర్థమైంది. అది ఉంది కాబట్టే మిగతాదంతా కూడా నాదేనేమో అని మీకనిపిస్తోంది.

ఇప్పుడు ఆ కాగితం. అందులో నన్ను కలవరపెట్టింది "అజాగ్రత్త" అన్న మాట కాదు, "ఈ ఒక్క శాంపిల్‌లో" అన్న మాట. బాబ్ అరిగింది ఒక్క రోజులో కాదు. ఆ 60 రన్‌లలో ఎన్నో అరిగిన బాబ్‌తోనే జరిగాయి. అందులో ఒక పీహెచ్‌డీ అమ్మాయి థీసిస్ రీడింగులు ఉన్నాయని మీరే రాశారు. ఇంకో మూడు కంపెనీల రిపోర్టులున్నాయి. మీరు సంతకం పెడితే తప్పు ఆ రాత్రికి, ఆ మనిషికి పరిమితమైపోతుంది. బాబ్ మళ్లీ ఫర్నేస్‌లోకే వెళ్తుంది. ఆ అమ్మాయి రేపు వైవాలో నిలబడి ఆ అంకెలు తనవని చెప్పుకుంటుంది. ప్లాంటు సంగతీ చూడండి. మన దేశపు ఇనుప ఖనిజంలో అల్యూమినా ఎక్కువ, అందుకే మన స్లాగ్ చిక్కబడుతుందన్న టెన్షన్ ఫర్నేస్ నడిపేవాళ్లకి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పలచన చేయడానికి మెగ్నీషియా ఎంత పడాలో తేల్చేటప్పుడు ఇలాంటి అంకెలే చూస్తారు. 0.38 అని చెబితే ఫరవాలేదనుకుంటారు. తీరా ట్యాపింగ్ (ఫర్నేస్‌లో కరిగినదాన్ని బయటికి వదలడం) వేళ స్లాగ్ సరిగ్గా దిగకపోతే, ఆ వేడి ముందు నిలబడేది అక్కడి మనుషులు.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు చెబుతాను.

ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టేయొచ్చు. మార్చి గడుస్తుంది, ఇంట్లో గొడవ ఉండదు. మీ భార్య అడుగుతున్నది న్యాయమే, ఫీజు గడువు ఎవరి కోసమూ ఆగదు. అయితే రెన్యువల్ గురించి సార్ ఇచ్చింది నోటి మాట, మీరు ఇచ్చేది రాతపూర్వకం. బాబ్ మార్చకపోతే ఇదే తేడా మళ్లీ వస్తుంది. అప్పుడు ఫైలులో మొదట దొరికేది మీ సంతకమే. ఈ దారి ఎంచుకున్నా మిమ్మల్ని తప్పుపట్టను. కానీ జెరాక్స్ తీసి పెట్టుకోండి, జూన్‌లో పెన్సిల్‌తో రాసుకున్న మీ నోట్‌బుక్ ఇంట్లో భద్రంగా ఉంచండి.

పెట్టను అని చెప్పేయొచ్చు. ఆ హక్కు మీకుంది. కానీ చేతిలో ఆధారం లేకుండా కాదంటే అది మొండితనంలా కనిపిస్తుంది. సార్‌కి కోపం వస్తుంది, మీకు చెప్పకుండానే ఆ లెటర్ మీ పేరుతో వెళ్లిపోయే ప్రమాదమూ ఉంది. నాన్నగారి మాట నిజమే, ఆ మాటకి తోడు ఒక కొలత కూడా ఉండాలి.

నా మనసు మొగ్గేది మూడో దారి వైపు. ఏ కాగితమైనా వెళ్లేముందు మిషన్‌ని ఒకసారి పరీక్షించమని అడగడం. బాబ్‌ని మూడు చోట్ల కొలవండి, పైన, మధ్యలో, కింద. అదే బాబ్‌తో స్టాండర్డ్ సిలికాన్ ఆయిల్‌లో కొత్త కాన్‌స్టంట్ తీయండి, పూట పని. తర్వాత ఖాళీ క్రూసిబుల్‌లో, స్లాగ్ ఉండే చోట ఇంకో మంచి థర్మోకపుల్ పెట్టి డిస్‌ప్లేతో పోల్చండి. కొత్తది ఖరీదే, పక్క డిపార్ట్‌మెంటులో రెండు రోజులకి అడిగి తెచ్చుకోవచ్చు. లేదా పల్లాడియం తీగ చిన్న ముక్క కరిగించి చూసే పాత పద్ధతి ఉంది. అది 1555 డిగ్రీల దగ్గర కరుగుతుంది. డిస్‌ప్లే 1530 దగ్గరే అది కరిగిపోతే విషయం తేలిపోయినట్టే. చిక్కదనం ముందే తెలిసిన స్టాండర్డ్ గాజు కొనమని సార్ అనొచ్చు. అది మీ గాజు రన్‌లకి పనికొస్తుంది. కానీ ఎంత వేడిలోనైనా అది స్లాగ్ కంటే చాలా చిక్కన, కాబట్టి స్లాగ్ కొలతని దాంతో నేరుగా సరిచూడలేం. ప్లాంటు శాంపిల్ మిగిలి ఉంటే మళ్లీ ఒక రన్ వేయండి.

అప్పుడు ప్లాంటుకి వెళ్లేది క్షమాపణ కాదు, ఒక టెక్నికల్ నోట్: బాబ్ ఇంత అరిగింది, థర్మోకపుల్ ఇంత తేడా చూపింది, సరిచేసిన విలువ ఇది. ఇలాంటి నోట్ పంపిన ల్యాబుకి పరువు పోదు. నేను కస్టమర్ల వైపు కూర్చుని ఎన్నో రిపోర్టులు చదివాను, తన తేడాని తానే లెక్కగట్టి చూపించిన ల్యాబుకే మళ్లీ శాంపిల్ పంపించేదాన్ని. ఇందులో నష్టం లేకపోలేదు. పాత రిపోర్టులు తిరగదోడాలి, సార్ తలవంచుకున్నట్టు అవుతుంది. ఆయన ససేమిరా అనొచ్చు.

అంటే, అప్పుడు మాత్రమే హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంటు హెడ్) దగ్గరికి వెళ్లే సంగతి ఆలోచించండి. అది కూడా ఫిర్యాదులా వద్దు, బాబ్, నోట్‌బుక్ తీసుకుని వెళ్లండి. ప్లాంటువాళ్లకి నేరుగా ఫోన్ చేయడం మాత్రం నాకు నచ్చడం లేదు. కాంట్రాక్టు మనిషి అలా చేస్తే అసలు విషయం పక్కకి పోయి, ఎవరికి చెప్పి చేశావన్నదే పెద్ద గొడవ అవుతుంది, ముందు పోయేది మీ ఉద్యోగమే.

సార్ గురించి. ఆయన చెడ్డవారని మీ ఉత్తరం చదివాక నాకనిపించలేదు. భయపడిన మనిషిలా ఉన్నారు. నేనూ ఒకప్పుడు ఆయన కుర్చీలోనే ఉన్నాను. గాజు మెత్తబడే ఉష్ణోగ్రత తీసే పరీక్ష ఒకటుంది, 1927లో లిటిల్‌టన్ చెప్పిన పద్ధతి. 235 మిల్లీమీటర్ల సన్నటి గాజు తీగని వేలాడదీసి, పైభాగాన్ని చిన్న ఫర్నేస్‌లో వేడిచేస్తూ పోతే, అది తన బరువుకి తానే నిమిషానికి ఒక మిల్లీమీటర్ సాగే చోటే ఆ ఉష్ణోగ్రత. ఒక ఏడాది మా దగ్గర వరసగా 8 డిగ్రీలు తక్కువ వచ్చింది. తీగలు లాగే కుర్రాడు సమంగా లాగడం లేదని నేనే రాశాను. అతను ఎదురు చెప్పలేదు. అతన్ని స్టోర్స్‌కి మార్చేశారు. ఐదు నెలల తర్వాత థర్మోకపుల్ మారిస్తే ఆ 8 డిగ్రీలూ మాయమయ్యాయి. నేను స్టోర్స్‌కి వెళ్లి అతనికి చెప్పాను. "పర్లేదు మేడమ్" అన్నాడు. అప్పటికే అతను తీగలు లాగడం మర్చిపోయాడు. అంత సమంగా లాగే చెయ్యి మా ల్యాబుకి మళ్లీ దొరకలేదు. ఆ రోజు అతను ఒక్కసారి "మేడమ్, థర్మోకపుల్ చూద్దామా?" అని ఉంటే నేను వినేదాన్నో లేదో కచ్చితంగా చెప్పలేను. కానీ అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే మీరు అడగాలని నా కోరిక. పదిమందిలో వద్దు. సాయంత్రం ల్యాబు ఖాళీ అయ్యాక, ఆయన టీ తాగే వేళ వెళ్లండి. బాబ్, వెర్నియర్ రెండూ ఆయన టేబుల్ మీద పెట్టండి. "సార్, ఇది పంపేముందు ఒక్కసారి మీరే కొలవండి. రేపు వాళ్లు వచ్చి బాబ్ చూపించమంటే మనిద్దరికీ ఇబ్బంది" అనండి. "నేను జూన్‌లోనే చెప్పాను" అని మాత్రం మొదలుపెట్టకండి. అది ఆయనకే గుర్తొస్తుంది. వెర్నియర్ పట్టుకోవడం మీకు నేర్పిన చెయ్యి అది, ఆ స్కేలు మీద 13.4 కంటే తక్కువ కనపడగానే ఏం జరిగిందో మీరు వివరించాల్సిన పని ఉండదు.

మీ వాటా రాసివ్వమంటే ఇలా రాసివ్వండి: "అక్టోబరు రన్‌లో 1450 డిగ్రీల దగ్గర అరగంట ఆగాల్సి ఉండగా పది నిమిషాలే ఆగాను. జూన్‌లో బాబ్ వ్యాసం 13.4 మిల్లీమీటర్లు ఉన్నట్టు గమనించి ఇన్‌చార్జి గారికి చెప్పాను. కాన్‌స్టంట్ పాతదే వాడాం." ఇందులో అబద్ధం లేదు, ఎవరినీ తిట్టడమూ లేదు. ఈ మూడు వాక్యాల కింద సంతకం పెట్టడానికి మీ చెయ్యి వణకదు.

ఇంట్లో ఈ సంగతంతా మీ భార్యకి చెప్పండి, లెక్కలతో సహా. ఆమె సంతకం పెట్టేయమంది రెన్యువల్ పోతుందన్న భయంతోనే కదా, ఏ దారిలో ఎంత ప్రమాదం ఉందో తెలిస్తే ఆమే ఒక సలహా ఇస్తుంది. మార్చి తర్వాత పని పోయినా ఏం చేయాలో ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి. ఏడేళ్లు 1500 డిగ్రీల ఫర్నేస్ నడిపిన మనిషికి గాజు ఫ్యాక్టరీల్లో, వేడికి తట్టుకునే ఇటుకలు చేసే రిఫ్రాక్టరీ కంపెనీల్లో పని దొరకదని నేననుకోను. ఆ అనుభవాన్ని ఒక పేజీలో రాసి దగ్గర పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఆ పాత బాబ్‌ని ఇక గీకకండి, పారేయకండి. కాగితంలో చుట్టి, తేదీ వేసి, బీరువాలో పెట్టండి. థర్మోకపుల్ పోల్చి చూశాక 1500 దగ్గర ఎన్ని డిగ్రీల తేడా వచ్చిందో నాకు రాయండి. నా 25 తప్పయితే, అదీ రాయండి.